రెండో నీళ్లు

బుధవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు మెర్సీ ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే, ఒక కాగితం తల్లి ముందు పెట్టింది.

బిక్షమ్మ చిక్కుడుకాయలు గిల్లుతోంది. చేట పక్కకు జరిపి కాగితం చూసింది. ఇంగ్లిషులో ఉంది. కింద ఆమె పేరు టైపు చేసి ఉంది. పేరు పైన గీత ఖాళీగా ఉంది.

"గిదేంది బిడ్డా?"

"సంతకం పెట్టాలె. ఆరు గంటల లోపట సుచరిత మేడమ్‌కు ఇయ్యాలె."

"ఏమున్నదండ్ల?"

"నిన్న జరిగిందే ఉన్నది."

నిన్న జరిగింది ఇది. మంగళవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు, ఊళ్లోని ఒక ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో, కాన్పుల వార్డు ముందు వరండాలో, రామన్నపేట దిక్కు నుంచి వచ్చిన దుర్గయ్య అనే గొర్రెల కాపరి జారి పడ్డాడు. వయసు అరవై నాలుగు. కుడి తుంటి విరిగింది. ఆ వరండా తుడిచే జట్టుకు పెద్ద బిక్షమ్మ. ఆ అంతస్తు శుభ్రతకు ఇన్‌చార్జి మెర్సీ. దవాఖానకు గుర్తింపు ఇచ్చే బృందం గురువారం తనిఖీకి వస్తోంది. మంగళవారం పగలు ఒంటిగంటకు బిక్షమ్మను డ్యూటీ దిగి ఇంటికి పొమ్మన్నారు.

"చదువు," అంది బిక్షమ్మ.

"చదివితే నీకు అర్థమైతదా అమ్మా? ఉత్త ఆఫీసు మాటలు."

"చదువు. నాకు అక్షరాలు రావు గని చెవులున్నయి."

మెర్సీ కాగితం చేతిలోకి తీసుకుంది. "ప్రీమెచ్యూర్ రిమూవల్ ఆఫ్ వెట్ ఫ్లోర్ సైనేజ్ బై ద అండర్‌సైన్డ్..."

"సైనేజ్ అంటే?"

"బోర్డు. తడి ఉన్నకాడ పెడ్తం గద, ఆ బోర్డు."

"బోర్డును బోర్డంటే దానికేమన్న కోపమొస్తదా?"

గడపలో కూర్చుని ఆటో అద్దం తుడుస్తున్న ఇస్రాయేలు నవ్వాడు. కూతురు వైపు చూసి ఆపేశాడు.

"ముందుగాల ఇంకో మాటన్నవు. ప్రీమెచ్యూర్."

"అంటే..."

"అది నాకెరుకే. కాన్పుల వార్డుల పదకొండేండ్ల సంది ఇంటున్న. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలను గట్లంటరు. అంటే నేల ఆరకముందే నేను బోర్డు తీసిన్నని."

"అవు."

"ఆరింది."

"ఆరిందని నువ్వంటున్నవ్."

"చెయ్యి తిరగేసి పెట్టి చూసిన. ఆరింది, మెర్సీ."

మెర్సీ కాగితాన్ని చేట పక్కన పెట్టి, గాలికి పోకుండా మీద ఒక చిక్కుడుకాయ పెట్టింది.

మిగతా అంతస్తుల్లో పసుపురంగు బోర్డులు పొద్దంతా నిలబడే ఉంటాయి. రోగుల వెంట వచ్చినవాళ్లు వాటి మీద తువ్వాళ్లు ఆరేసుకుంటారు. బిక్షమ్మ అంతస్తులో అలా కుదరదు. తడి ఉన్నంతసేపే బోర్డు. ఆరిన నిమిషంలో తీసేయాలి. "బోర్డు అబద్ధమాడితే, రేపు నిజం చెప్పినా ఎవ్వరు నమ్మరు" అని కొత్తగా చేరిన ప్రతి మనిషికీ ఆమె చెప్పేది. ఆ అలవాటు కొద్దీ మంగళవారం పదకొండు దాటగానే బోర్డు మడిచి గోడకు ఆనించింది. ఆ గోడ వరకే కనబడే కెమెరాలో అది ఉంది.

"నన్నొకటి అడగనీ," అంది బిక్షమ్మ. "నేను పదీ ఇరవైకి కాన్పు గదిల నెత్తురు కడగ పోయిన. తిరిగి ఒచ్చేసరికి పదకొండయింది. నడుమల వరండా కాడ ఎవరున్నరు?"

"నేనున్న."

"రెండో నీళ్లు కొట్టించినవా?"

"కొట్టించిన."

ఆ మాట చెప్పేటప్పుడు మెర్సీ గడప వైపు చూసింది. ఇస్రాయేలు అద్దం తుడుస్తున్నాడు.

తనిఖీ వస్తుందంటే నేల మీద పాత పాలిష్ తీయడానికి మందు నీళ్లు పోస్తారు. పది నిమిషాలు నాననిస్తారు. నల్ల ప్యాడ్ తగిలించిన మెషిన్‌తో రుద్ది, లేచిన మురికిని వైపర్‌తో లాగేస్తారు. ఆ తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడవాలి. మొదటి నీళ్లు మురికికి, రెండో నీళ్లు మందుకు. రెండో నీళ్లు తప్పితే మందు నేల మీదే ఆరిపోతుంది. కంటికి కనబడదు. చేతికి తెలియదు. మళ్లీ తడి తగిలితే సబ్బులా లేస్తుంది.

అందుకే బిక్షమ్మ పసుపు గుడ్డ పెట్టింది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన పాత చీర ముక్క అది. దాన్ని తడిపి నేల మీద రుద్దాలి. రంగు మారకపోతే మందు పోయినట్టు. ఎర్రబడితే ఇంకో నీళ్లు కొట్టాలి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని బట్టలు ఉతికే ఏ ఆడమనిషికైనా తెలుసు. బిక్షమ్మ ఆ తెలివిని నేల మీదికి తెచ్చింది. ఎర్రబడిన గుడ్డ మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతుంది. ఒక్క ముక్క నెల రోజులు వచ్చేది. మెర్సీ హైదరాబాద్‌లో మూడు నెలల శిక్షణకు పోయి పనులకు ఇంగ్లిషు పేర్లు నేర్చుకొచ్చింది. పసుపు గుడ్డ, నిమ్మకాయ మాత్రం తల్లి దగ్గర నేర్చుకుంది.

"పసుపు గుడ్డ పెట్టినవా?"

"పెట్టిన. నిన్ననే చెప్పిన గద. పచ్చగనే ఉండె."

"నువ్వు పచ్చగున్నదంటేనే నేను బోర్డు తీసిన."

"అమ్మా, ఇప్పుడు ఎవరేమన్నరు అన్నది కాదు..."

"మరేంది?"

మెర్సీ మొదటిసారి కూర్చుంది. "నేను ఒకటో తారీకు నుంచే దవాఖాన మనిషినయిన. ఇంక ఆరు నెలలు చూస్తరు. గిండ్ల నా పేరు ఒచ్చిందంటే తీసేస్తరు. నువ్వయితే ఏజెన్సీ మనిషివి. నిన్ను ఇంకో జాగకు మారుస్తరు, గంతే. బస్టాండుకు."

"తప్పు ఒప్పుకొని సంతకం పెట్టినదాన్ని బస్టాండుకు మారుస్తరా, ఇంటికి పంపుతరా?"

"మారుస్తరు. నేను మాట్లాడిన."

"ఎవరితోని?"

మెర్సీ చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి గిల్లింది.

ఇస్రాయేలు గడపలోంచే అన్నాడు. "బిడ్డ ముందటి బతుకు జూడవే. నువ్వింకెన్నేండ్లు చేస్తవు?"

"నేను జూడకపోతే గా కోటు యాడికెల్లి ఒచ్చిందయ్యా దాని ఒంటి మీదికి?"

మెర్సీ తెల్లకోటు జేబులో చేతులు పెట్టుకుంది. "గా ముసలాయనకు దవాఖానోళ్లే ఆపరేషన్ చేస్తున్నరు. ఒక్క పైస తీసుకుంటలేరు. ఎవ్వరికి నష్టం లేదమ్మా."

"ఎవ్వరికి?"

ఇస్రాయేలు చేతిలో తడి గుడ్డ అద్దం మీద కిర్రుమంది.

"బిడ్డా, నిన్న నువ్వేమన్న రాసిచ్చినవా ఆఫీసుల?"

"లేదు. నీతోని మాట్లాడకుండ ఎట్ల రాసిస్త?"

మూడూ ఇరవైకి మెర్సీ మళ్లీ డ్యూటీకి బయలుదేరింది. కాగితం అక్కడే ఉంది. వాకిట్లో ఇస్రాయేలు ఆమెతో ఏదో అన్నాడు. బిక్షమ్మకు వినబడలేదు. లోపలికి వచ్చాక అడిగింది.

"నువ్వేమంటవ్?"

"నేనేమంట. తల్లీబిడ్డలు, మీరు మీరు చూసుకోన్రి."

"తల్లీబిడ్డలమైతే నువ్వెవరివి?"

"ఆటో నడిపేటోన్ని," అన్నాడు ఇస్రాయేలు.

*

నాలుగు గంటలకు దవాఖానలో చూడటానికి వచ్చేవాళ్లను లోపలికి వదులుతారు. బిక్షమ్మ అరడజను బత్తాయిలు సంచిలో వేసుకుని, కాగితం మడిచి రవికెలో పెట్టుకుని పోయింది. గేటు దగ్గర మల్లయ్య పాస్ ఇస్తూ ఆమె ముఖం చూశాడు.

"ఏందక్కా, ఇయ్యాల చుట్టపుదాని లెక్క ఒచ్చినవ్?"

"అవు తమ్మీ. డ్యూటీల ఉంటే గేటుకు దండం, లేకుంటే పాసు."

పని మనుషులు లిఫ్ట్ ఎక్కకూడదు. పాస్ ఉన్నవాళ్లు ఎక్కవచ్చు. బిక్షమ్మ మెట్లే ఎక్కింది.

దుర్గయ్య మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కాలికి బరువు వేలాడదీశారు. భార్య లక్ష్మీనర్సమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. బిక్షమ్మ బత్తాయిలు మంచం చివర పెట్టింది.

"ఎవరమ్మా? యాదికొస్తలేవు," అన్నాడు దుర్గయ్య.

"గా వరండా తుడిసేదాన్ని. బిక్షమ్మ నా పేరు."

లక్ష్మీనర్సమ్మ స్టూలు మీంచి లేచింది. "నువ్వేనా? మా మనిషి తుంటి ఇరగ్గొట్టి బత్తాయిలు తెచ్చినవా?"

"ఉండవే," అన్నాడు దుర్గయ్య. "గొర్లెనక నలభై ఏండ్లు గుట్టలెక్కి దిగిన. ఎన్నడు పడలే. ఆఖరుకు అద్దమసొంటి బండ మీద పడ్డ. దానికి ఈమెను తిడితే ఎట్ల?"

"ఎట్ల పడ్డవు పెద్దయ్యా? నాకొక్కసారి చెప్పు."

"మనుమరాలు పుట్టింది. చూద్దమని ఒచ్చిన. బజార్ల తిరిగిన కాళ్లాయె. పసిబిడ్డ కాడికి గట్లనే పోతమా? చెప్పులు ఇడిసి, బాత్రూముల కాళ్లు కడుక్కొని బయటికొచ్చిన. రెండడుగులేసిన. మూడో అడుగుకు పాదం కింద సబ్బు రుద్దినట్టయింది."

"సబ్బా? నీళ్లా?"

"సబ్బే. నీళ్లకు సబ్బుకు నాకు తేడా ఎరుక లేదా?"

బిక్షమ్మ మంచం పట్టె పట్టుకుంది.

"గంతేనా," అంది లక్ష్మీనర్సమ్మ. ఆమె గొంతు కొంత తగ్గింది. "పడ్డంక చూస్తే పంచెకు ఎరుపు. నెత్తురనుకొని వార్డంత వినబడేటట్టు మొత్తుకున్న. ఒళ్లంత దేవులాడినా యాడ గాయం లేదు."

"ఆ పంచె ఉన్నదా అక్కా?"

లక్ష్మీనర్సమ్మ మంచం కింది సంచిలోంచి పంచె తీసింది. కొత్త పంచె. మనుమరాలిని చూడటానికి పోతున్నామని ఆ రోజే కట్టుకున్నాడు. కొత్త బట్ట కట్టేముందు పెట్టినట్టే అంచుకు పసుపు పెట్టింది ఆమె. బొటనవేలంత మచ్చ. అందులో నేలకు తగిలిన సగం ఎర్రగా ఉంది. మిగతా సగం పచ్చగా ఉంది.

బిక్షమ్మ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. రెండోసారి కూడా చూసింది.

"చెల్లే, గీ మరక సబ్బుకు పోతదా?" అంది లక్ష్మీనర్సమ్మ.

"సబ్బు పెట్టకు. నీళ్లల్ల ముంచకు. గట్లనే ఉండనీ. నేను జర ఆగి ఒస్త."

"ఎందుకు?"

"ఒచ్చినంక చెప్త."

*

మెట్ల మలుపులో కూర్చుని నాలుగూ ముప్ఫై రెండుకు బిక్షమ్మ ఇస్రాయేలుకు ఫోన్ చేసింది. ఆమెది బొత్తాల ఫోన్. ఫొటోలు రావు.

"మెర్సీ రెండో నీళ్లు కొట్టించలే," అంది.

"ఎవరన్నరు?"

"పంచె అన్నది." విన్నదీ చూసిందీ వరసగా చెప్పింది. "గుడ్డ పెట్టకుండనే పెట్టిన్నన్నదో, పెట్టి ఎర్రగైంది చూసి పచ్చగున్నదన్నదో. ఏదైనా అబద్ధమే. దాని మాట మీదనే నేను బోర్డు తీసిన."

అటు ఇస్రాయేలు గొంతు తగ్గించాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

"నీకే చెప్తున్న. ఇది చెప్తే బిడ్డ కొలువు పోతది. చెప్పకుంటే నాది పోతది. కొలువు పోతే పోనీ, ముసలాయన కాలు నేనే ఇరగ్గొట్టిన్నని రాసుకొని బతకాలె. నాకు తోస్తలేదయ్యా. ఏం జెయ్యమంటవ్?"

"ఆగమాగం గాకు. నేను ఆటో ఏసుకొని ఒస్తున్న. నేనొచ్చేదాక ఎవ్వరికి చెప్పకు. గక్కడ్నే కూసో."

"జల్దిరా."

"ఇగొ, ఒస్తున్న."

ఇంటి నుంచి దవాఖానకు ఆటోలో పది నిమిషాలు. బిక్షమ్మ మెట్ల మీద ఇరవై ఆరు నిమిషాలు కూర్చుంది. ఇద్దరు నర్సులు దిగారు. ఒకామె పలకరించింది. ఒకామె పలకరించలేదు. నాలుగూ యాభై ఎనిమిదికి మళ్లీ ఫోన్ చేస్తే ఇస్రాయేలు ఫోన్ వేరే కాల్‌లో ఉందని వచ్చింది.

ఆమె లేచి కిందికి దిగి సుచరిత గదికి పోయింది. సుచరిత దవాఖానలో నాణ్యత విభాగం చూస్తుంది. బల్ల మీద తనిఖీ ఫైళ్లు ఉన్నాయి.

"కూర్చో బిక్షమ్మా. తెచ్చావా కాగితం?"

"తెచ్చిన. సంతకం పెట్టలే. రేపటిదాక టైమియ్యి మేడమ్."

"రేపు పొద్దున్నే బృందం వస్తుంది. ఆలోచించడానికి ఏముంది? మీ అమ్మాయి రాసిచ్చింది నిన్ననే ఫైల్లో పెట్టాం."

"నిన్ననా?"

"నిన్న పన్నెండూ ఇరవైకి." సుచరిత ఫైలు తిప్పింది. "నీకు తెలియదా?"

"ఏం రాసింది మేడమ్? తెలుగుల చెప్పు."

సుచరిత కొంచెం తటపటాయించింది. తర్వాత చదువుతూ తెలుగులో చెప్పింది. "రెండోసారి నీళ్లతో తుడిపించాను. ఆరేదాకా బోర్డు తీయవద్దని బిక్షమ్మకు చెప్పాను. ఆమె వినలేదు. నేల ఆరకముందే బోర్డు తీసింది. గత మూడు నెలల్లో ఇలాంటి నిర్లక్ష్యానికి ఆమెను రెండుసార్లు హెచ్చరించాను."

"బిక్షమ్మ అనే ఉన్నదా?"

"అదే ఉంది."

"మా అమ్మ అని లేదా?"

"ఆఫీసు కాగితం కదమ్మా."

బిక్షమ్మ గోడ గడియారం చూసింది. అయిదూ ఏడు. పన్నెండూ ఇరవైకి ఆమె ఇంకా దవాఖానలోనే ఉంది. దుర్గయ్య పడిన చోటే మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తోంది. ఆ పక్కనుంచే పోతూ మెర్సీ, "నువ్వు ఫికర్ చెయ్యకమ్మా, నేనున్న గద" అంది.

"మేడమ్, మీకొకటి చూపిస్త. మూడో అంతస్తుకు రాన్రి."

"ఏంటది?"

బిక్షమ్మ పసుపు సంగతి చెప్పింది. సుచరిత సగంలోనే తలూపింది. "బడిలో చేశాం. పసుపు కాగితానికి సున్నం నీళ్లు రాస్తే ఎర్రబడుతుంది." ఆమె ఫోన్ తీసుకుని లేచింది. "నువ్వు చెప్పినట్టు ఉంటే మాత్రం, ఫైల్లో ఉన్నది తప్పవుతుంది. పద."

ఇద్దరూ మూడో అంతస్తుకు చేరేసరికి అయిదూ పదిహేను.

లక్ష్మీనర్సమ్మ బత్తాయి ఒలుస్తోంది. ముఖంలో ఇంతకు ముందటి కోపం లేదు.

"అక్కా, పంచె తియ్యి. మేడమ్ చూస్తది."

"పంచె యాడిది? నీ బిడ్డ తీస్కపోయె గద."

"నా బిడ్డా?"

"తెల్లకోటు పిల్ల. మెర్సీ అట. మా అమ్మ పంపింది, లాండ్రీల ఉతికించి ఇస్త అన్నది. మంచి పిల్ల. మా ముసలాయన కాళ్లకు మొక్కింది."

"ఎప్పుడు?"

దుర్గయ్య జవాబిచ్చాడు. "అయిదుకు పది తక్కువ. సూది పొడిసే నర్సమ్మ అప్పుడే ఒచ్చింది."

సుచరిత బిక్షమ్మను చూసింది. "ఈ పంచె సంగతి ఎవరికి చెప్పావు?"

బిక్షమ్మ ఫోన్ చేతిలోనే ఉంది. ఆ పొద్దు ఆమె చేసిన ఫోన్లు రెండు. రెండూ ఒక్క మనిషికే. ఒకటి కలిసింది.

ఆమె కిటికీ దగ్గరికి పోయింది. కింద గేటు పక్కన ఇస్రాయేలు ఆటో ఆగి ఉంది. వెనక అద్దం మీద శిలువ బొమ్మ ఆమె కొన్నదే. అతను ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. పైకి చూడటం లేదు.

పంచె వచ్చేదాకా సుచరిత అక్కడే ఆగింది. అయిదూ ముప్ఫై ఎనిమిదికి వార్డు ఆయా శోభ పంచె తెచ్చింది. మడత మీద ఇస్త్రీ వేడి ఇంకా ఉంది.

"మెర్సీ మేడమ్ ఇయ్యమన్నది," అని చెప్పి పోయింది.

సుచరిత మడత విప్పింది. అంచు పట్టుకుని చివరిదాకా చూసింది. మచ్చ దొరికింది. బొటనవేలంత ఉంది. మొత్తం పచ్చగా ఉంది.

"ఏది బిక్షమ్మా ఎరుపు?"

"ఉండె మేడమ్. అక్కనడుగు."

"ఉండె," అంది లక్ష్మీనర్సమ్మ. "పోయింది! ఎట్ల తీసిండ్రో గని నా పసుపు పోకుండ ఎరుపొక్కటే తీసిండ్రు."

"నెత్తురే అయ్యుంటుంది," అంది సుచరిత. "ఉతికితే పోయింది."

"గాయం లేదు గద మేడమ్," అంది బిక్షమ్మ.

సుచరిత గడియారం చూసుకుంది. ఆరుకు ఇరవై నిమిషాలు తక్కువ. కాగితం కోసం చెయ్యి చాపింది.

బిక్షమ్మ కాగితం ఇవ్వలేదు. పంచె తీసుకుంది. పసుపు ఉన్న అంచును వేళ్ల మధ్య పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

నిమ్మకాయ వాసన వచ్చింది.